గోరుచిక్కుడు జిగురు, పెద్దపేగు తలుపు: వృక్షజ హైడ్రోజెల్ పరిశోధనపై ఒక విమర్శనాత్మక పఠనం

ఈ ఖండంలోని గత పాఠాలలో మందును శరీరంలో అవసరమైన చోటికే చేర్చే పద్ధతులను పరిచయం చేసుకున్నాం. ఈ పాఠం స్వభావం కొంచెం వేరు. ఒక పద్ధతిని వివరించి ఊరుకోకుండా, దాని గురించి దాదాపు ముప్పై ఏళ్ళుగా వెలువడుతున్న పరిశోధనను ఎలా చదవాలో ఇక్కడ చూస్తాం. ఏ మాటను నమ్మవచ్చు, ఏ మాట దగ్గర ఆగి ప్రశ్నించాలి అన్నదే మన దృష్టి. ఉదాహరణగా తీసుకున్నది మనకు బాగా తెలిసిన గోరుచిక్కుడు. దాని ముదురు గింజ నుంచి తీసే జిగురునే పరిశ్రమలో గ్వార్ గమ్ అంటారు.

సబ్జా గింజలను నీళ్ళలో వేస్తే కాసేపటికి ప్రతి గింజ చుట్టూ మెత్తని జిగురు పొర ఉబ్బుతుంది. ఆ పొరలో ఉన్నది చాలావరకు నీరే. ఆ నీటిని కదలకుండా పట్టి ఉంచేవి పొడవైన చక్కెర గొలుసులు, అంటే పాలీశాకరైడ్‌లు. ఇలా నీటిని పట్టుకుని, కరిగిపోకుండా నిలిచే వలనే హైడ్రోజెల్ అంటాం. ఇసబ్‌గోల్ పొట్టులోనూ, బెండకాయ జిగురులోనూ ఇటువంటి గొలుసులే ఉంటాయి. మందును ఈ వలలో బంధించి మాత్రగా చేస్తే, అది కడుపునూ చిన్నపేగునూ దాటి పెద్దపేగులో మాత్రమే విడుదల అవుతుందా? ఈ రంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది.

పెద్దపేగే ఎందుకు అనే సందేహం సహజం. అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధిలో పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి రక్తస్రావం అవుతుంది. అమీబిక్ విరేచనాలలో కూడా పరాన్నజీవి ప్రధానంగా దాడి చేసేది పెద్దపేగు మీదే. మామూలు మాత్ర మింగితే మందులో ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్ళిపోతుంది. పుండు ఉన్న చోటికి చేరేది తక్కువ, మిగతా శరీరం మోయవలసిన దుష్ఫలితాలు ఎక్కువ. కాబట్టి ఈ ప్రశ్న వెనుక నిజమైన రోగులున్నారు. పరిశోధనను కఠినంగా చదవవలసిన అవసరం కూడా వారి వల్లనే వస్తోంది.

బాక్టీరియా చేతిలో తాళంచెవి

గోరుచిక్కుడు జిగురు ఒక గాలక్టోమానన్. మానోజ్ అనే చక్కెర అణువులు వరుసగా కలిసి వెన్నెముకలా ఏర్పడగా, సుమారు ప్రతి రెండు మానోజ్‌లకు ఒకటి చొప్పున గాలక్టోజ్ పక్కకొమ్మగా వేలాడుతుంది. అన్నంలోని పిండి గొలుసును మన లాలాజలంలోని, క్లోమరసంలోని అమైలేజ్ తెంచగలదు. మానోజ్ గొలుసులోని బంధం వేరు రకం. దాన్ని తెంచే ఎంజైమ్ మానవ శరీరం తయారుచేసుకోదు. పెద్దపేగులో కాపురముండే బాక్టీరాయిడ్స్ వంటి జీవులు మాత్రం తయారుచేసుకుంటాయి. పెద్దపేగులోని పదార్థంలో గ్రాముకు 10,000 కోట్లకు పైగా బాక్టీరియా ఉంటాయి. కడుపులోనూ చిన్నపేగు మొదటి భాగంలోనూ వాటి సంఖ్య ఎన్నో వేల రెట్లు తక్కువ. అంటే తలుపు మనది, తాళంచెవి బాక్టీరియాది.

ఆలోచన అందమైనదే కానీ కొత్తది కాదు. 1940ల నుంచి వాడుకలో ఉన్న సల్ఫాసలజైన్ అనే మందు ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అందులో రెండు భాగాలను కలిపే అజో బంధాన్ని పెద్దపేగు బాక్టీరియా తెంచుతాయి. బాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు ఈ మందు ఇచ్చినప్పుడు ఆ బంధం తెగలేదని 1972లో పెపర్‌కార్న్, గోల్డ్‌మన్ చూపించారు. ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోండి. తాళంచెవి బాక్టీరియా చేతిలోనే ఉందని చెప్పాలంటే, తాళంచెవి లేనప్పుడు తలుపు తెరుచుకోలేదని చూపించాలి. తర్వాత వచ్చిన హైడ్రోజెల్ పత్రాలను కొలవడానికి ఇంతకంటే మంచి గీటురాయి దొరకదు.

విశాఖపట్నంలో జరిగిన పని

ఈ రంగంలో ప్రపంచవ్యాప్తంగా ప్రస్తావనకు వచ్చే పత్రాలలో కొన్ని విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఫార్మసీ విభాగం నుంచి వెలువడ్డాయి. 1998లో ఆ బృందం ఇండోమెథసిన్ మందును గ్వార్ గమ్‌తో కలిపి మాత్రలుగా నొక్కి పరీక్షించింది. పద్ధతి ఇదీ: కడుపును పోలిన ఆమ్ల ద్రవంలో 2 గంటలు, చిన్నపేగును పోలిన ద్రవంలో 3 గంటలు, ఆ తర్వాత ఎలుకల అంధనాళంలోని పదార్థం కలిపిన ద్రవంలో మిగతా కాలం. అంధనాళమంటే పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగం. ఎలుకలో బాక్టీరియా దట్టంగా ఉండేది అక్కడే. మొదటి రెండు దశలలో జిగురు మందును చాలావరకు కాపాడింది. మూడో దశలో బాక్టీరియా ఎంజైమ్‌లు జిగురును తినగా మందు బయటికి వచ్చింది.

ఇక్కడ ఒక వివరం ఉంది. తొందరపడి చదివేవారు దాన్ని దాటిపోతారు. ఆ ఎలుకలలో కొన్నింటికి ముందుగా 2 శాతం గ్వార్ గమ్ కలిపిన నీటిని 3 రోజులు, మరికొన్నింటికి 7 రోజులు పట్టించారు. రోజూ జిగురు అందుతుంటే దాన్ని తినగల ఎంజైమ్‌లను బాక్టీరియా ఎక్కువగా తయారుచేస్తాయి. 7 రోజులు పట్టించిన ఎలుకల నుంచి 4 శాతం అంధనాళ పదార్థం తీసుకుని వాడినప్పుడు మందు విడుదల అన్నిటికంటే బాగుంది. గ్వార్ గమ్‌ను పరీక్షించడానికి ఇవే ఉత్తమ పరిస్థితులని ఆ పత్రం తేల్చింది.

ఈ మాటను రెండు విధాలుగా చదవవచ్చు. బాక్టీరియా ఈ జిగురును తినగలవా లేదా అన్నదే ప్రశ్న అయితే, వాటికి అలవాటు చేసి చూడడం సరైన పనే. బృందం తాను చేసినదాన్ని దాచలేదు, అలవాటు చేయని ఎలుకల ఫలితాన్నీ పక్కనే చూపించింది. కానీ ఈ మాత్ర రోగిలో పనిచేస్తుందా అన్నది ప్రశ్న అయితే సంగతి మారుతుంది. అప్పుడు ఈ పరిస్థితులు ఉత్తమమైనవి కావు, అనుకూలమైనవి మాత్రమే. రోగి మాత్ర వేసుకునే ముందు వారం రోజులు జిగురు నీళ్ళు తాగి రాడు. గోరుచిక్కుడు కూర తినే ఇళ్ళలో పేగుకు ఇది అలవాటేనని ఎవరైనా వాదించవచ్చు. అయితే మనం కూర వండేది లేత కాయను, జిగురు దొరికేది ముదిరిన గింజలో. ఆ వాదన ప్రయోగంలో తేలాలి తప్ప ఊహతో కాదు.

నా అభిప్రాయంలో లోపం ఆ తొలి పత్రానిది కాదు, దాన్ని వంటకంలా అనుసరించిన తర్వాతి పత్రాలది. 2 గంటలు, 3 గంటలు, 4 శాతం, 7 రోజులు అనే సంఖ్యలు ఒక సూత్రంలా స్థిరపడిపోయాయి. జిగురు మారింది, మందు మారింది, పరీక్ష మారలేదు. ఒక పదార్థానికి తగినట్టు కుదిర్చిన పరీక్షలో ఆ పదార్థం నెగ్గడం పెద్ద విశేషమేమీ కాదు.

అదే సంవత్సరం ఆ బృందం మరో అడుగు వేసింది. ఆరుగురు ఆరోగ్యవంతులైన పురుషులకు, రేడియోధార్మిక టెక్నీషియం గుర్తు చేర్చిన గ్వార్ మాత్రలు ఇచ్చి, గామా కెమెరాతో వాటి ప్రయాణాన్ని గమనించింది. మాత్ర ఉపరితలం మీది గుర్తు కొంత కడుపులోనూ చిన్నపేగులోనూ విడిపోయింది. అధిక భాగం పెద్దపేగు చేరాకనే విడుదల అయింది. అందరిలోనూ మాత్ర 2 నుంచి 4 గంటల మధ్యలో పెద్దపేగులోకి ప్రవేశించింది. పరీక్షగొట్టం దగ్గరే ఆగిపోయిన వందలాది పత్రాల పక్కన పెట్టి చూస్తే మనిషి దాకా వెళ్ళిన ఈ పని విలువ తెలుస్తుంది. అయినా దీని హద్దు కూడా చెప్పుకోవాలి. మాత్ర ఎక్కడ ఉంది, ఎప్పుడు విడిపోయింది అన్నది కెమెరా చూపుతుంది. ఎందువల్ల విడిపోయిందో చూపదు. బాక్టీరియా తిన్నాయా, లేక అన్ని గంటలు నానిన జిగురు దానంతటదే చెదిరిందా? కేవలం చిత్రాల వల్ల ఇది తేలదు. మరో సంగతి, పరీక్షగొట్టంలో పెద్దపేగు దశ 5 గంటల తర్వాత మొదలవుతుంది. ఈ ఆరుగురిలో మాత్ర అంతకంటే ముందే అక్కడికి చేరింది. మన గడియారం, పేగు గడియారం ఒకటి కావు.

కాలమా, స్థానమా?

పై ప్రశ్నే ఈ పాఠానికి గుండెకాయ. నీటిలో ఉబ్బే ఏ జిగురు మాత్ర అయినా మందును నెమ్మదిగానే వదులుతుంది. నీరు మెల్లగా లోపలికి పోవాలి, కరిగిన మందు ఆ వల సందుల్లోంచి బయటికి రావాలి. 24 గంటలు నెమ్మదిగా వదిలే మాత్రను మింగితే, అది తన సమయంలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే గడుపుతుంది. ఎందుకంటే చిన్నపేగు ప్రయాణం సుమారు 3, 4 గంటలే. కాబట్టి ఎక్కువ మందు పెద్దపేగులో విడుదల కావడం సహజం. అది స్థానాన్ని గుర్తించడం కాదు, ఆలస్యంగా కరగడం. రైలు దిగవలసిన ఊరిని గుర్తుపట్టి దిగినవాడు వేరు, నిద్రపోయి చివరి స్టేషన్‌లో లేచినవాడు వేరు. ఇద్దరూ అదే స్టేషన్‌లో కనిపిస్తారు.

ఈ రెండింటినీ విడదీయాలంటే ఒకే మాత్రను రెండు చోట్ల పరీక్షించాలి. ఒకటి అంధనాళ పదార్థం ఉన్న ద్రవం, మరొకటి అది లేని అదే ద్రవం. ఈ రెండు విడుదల రేఖల మధ్య ఎడం ఎంతో, బాక్టీరియా చేసిన పని అంత. పత్రంలో ఒకే రేఖ ఇచ్చి, 24 గంటల్లో మందు దాదాపు అంతా విడుదలైంది కనుక ఇది పెద్దపేగు లక్ష్య వ్యవస్థ అని ముగించారనుకోండి. ఆ ముగింపు ఆధారం కంటే పొడవుగా ఉన్నట్టే. కొలైటిస్‌కు వాడే 5-అమైనోసాలిసిలిక్ ఆమ్లం మొదలు పురుగుల మందు ఆల్బెండజోల్ దాకా, ఏ మందు పేరు కనిపించినా ముందు రెండో రేఖ ఉందేమో వెతకండి.

మందు ఎంపిక కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఇండోమెథసిన్ నీటిలో సరిగా కరగదు. కరగని మందును జిగురు కాపాడడం తేలిక. బాగా కరిగే మందును అదే జిగురులో పెడితే దారిలోనే కారిపోవచ్చు. అందుకే తర్వాతి పనుల్లో కొన్నిటిలో మందు గుళికను మధ్యలో పెట్టి, చుట్టూ జిగురు పొడిని మందంగా నొక్కారు. ఇది తెలివైన పరిష్కారమే. అయితే మాత్ర పెద్దదవుతుంది. గుప్పెడు మాత్రలు మింగవలసిన కొలైటిస్ రోగికి అది చిన్న సంగతి కాదు.

ద్రవం పరిమాణాన్నీ గమనించండి. మొదటి దశలకు ప్రయోగశాల పాత్రలో 900 మి.లీ. ద్రవం ఉంటుంది, అంధనాళ దశకు సాధారణంగా 100 మి.లీ. 2005లో ఎమ్మారై పద్ధతితో కొలిచినప్పుడు, పరగడుపున ఉన్న ఆరోగ్యవంతుల పెద్దపేగులో స్వేచ్ఛగా ఉన్న ద్రవం సగటున 13 మి.లీ. మాత్రమే. అదీ అక్కడక్కడా మడుగులుగా. ఉబ్బడానికి నీరు కావలసిన పదార్థాన్ని, నీరు ఇంకిపోయే చోటుకు పంపుతున్నామన్నమాట. ఈ వైరుధ్యాన్ని పట్టించుకున్న పత్రాలు తక్కువ.

జబ్బుపడిన పేగులో తాళంచెవి

ఇంతవరకు మనం ఆరోగ్యవంతమైన పేగు గురించే మాట్లాడాం. మందు అవసరమైనది జబ్బుపడిన పేగుకు. కొలైటిస్ రోగుల్లో పేగు బాక్టీరియా వైవిధ్యం తగ్గుతుందని ఇప్పుడు బాగా తెలుసు. విరేచనాలు ఎక్కువైతే మాత్ర నిలిచే సమయం తగ్గుతుంది. పైగా ఇటువంటి రోగులు యాంటిబయాటిక్‌లు వాడడం మామూలే. తాళంచెవి పట్టుకున్నవాణ్ణే తరిమేస్తే తలుపు ఎవరు తీస్తారు?

ఈ ప్రశ్న వేసి జవాబు వెతికినది కూడా విశాఖ బృందమే కావడం విశేషం. 2001లో వారు ఎలుకలకు 7 రోజులు మెట్రొనిడజోల్, మరికొన్నింటికి టినిడజోల్ ఇచ్చి, ఆ ఎలుకల అంధనాళ పదార్థంలో ఆల్బెండజోల్ గ్వార్ మాత్రలను పరీక్షించారు. మందు విడుదల స్పష్టంగా తగ్గింది. తమ పద్ధతికే ప్రతికూలమైన ఈ ఫలితాన్ని వారు ప్రచురించారు. 1972 నాటి గీటురాయి మీద ఈ పత్రం రెండు విధాలా నిలుస్తుంది. తాళంచెవి బాక్టీరియా చేతిలోనే ఉందని బలంగా చూపింది. అదే సమయంలో ఆ తాళంచెవి ఎంత తేలికగా పోతుందో కూడా చూపింది. అమీబిక్ విరేచనాలకు మెట్రొనిడజోల్‌నే గ్వార్ జిగురులో పెట్టి పంపాలనే ప్రయత్నాలూ ఉన్నాయి. మొదటి మాత్ర తలుపు తెరిపించుకుంటుంది, మరి వారం తర్వాతి మాత్ర సంగతేమిటి? చికిత్స కాలమంతా ఈ మాత్రలు ఒకే తీరుగా తెరుచుకుంటాయా అన్నది చూడకుండా ఇటువంటి పద్ధతికి ఓటు వేయలేం.

ప్రకృతి సిద్ధం అనే మాట

ఈ రంగంలోని పత్రాల పరిచయ వాక్యాలు చదివితే ఒక పల్లవి వినిపిస్తుంది. మొక్కల నుంచి వచ్చింది, చవక, విషరహితం, ప్రకృతి సిద్ధం. మూడింట రెండు పాళ్ళు నిజమే. గ్వార్ గమ్ ఐస్‌క్రీముల్లోనూ సాస్‌లలోనూ దశాబ్దాలుగా వాడుతున్న ఆహార పదార్థం. ప్రపంచంలో దాన్ని ఎక్కువగా పండించేది మన దేశమే, ముఖ్యంగా రాజస్థాన్. ధర విషయానికొస్తే, అమెరికాలో రాతి పొరల నుంచి చమురు, వాయువు తీసే కంపెనీలు ఎగబడి కొనడంతో 2012 ప్రాంతంలో అది ఆకాశాన్నంటింది. పొలంలో పండేదానికి ప్రతి సంవత్సరం ఒకే జిగట ఉండదనేది మరో చిక్కు. మాత్ర తయారీదారుకు అది తలనొప్పి.

విషరహితం అన్న మాటనూ జాగ్రత్తగా చదవాలి. జిగురు విషం కాకపోవచ్చు, కానీ ఉబ్బడమే దాని గుణం. బరువు తగ్గడానికని అమెరికాలో అమ్మిన గ్వార్ గమ్ మాత్రలు అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడ్డాయి. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు అన్నవాహికలో, చిన్నపేగులో అడ్డుపడిన కేసులు 26 అందగా, వాటి విశ్లేషణ 1992లో వెలువడింది. అతిగా ఉబ్బకుండా చూడాలని జెరూసలేం పరిశోధకులు 1998లో గ్వార్ గొలుసుల మధ్య గ్లుటరాల్డిహైడ్‌తో అడ్డు బంధాలు వేశారు. నూరు రెట్లకు పైగా ఉబ్బే జిగురు 10 నుంచి 35 రెట్ల దగ్గర ఆగింది. పని జరిగింది. అయితే గ్లుటరాల్డిహైడ్ ఆసుపత్రి పరికరాలను క్రిమిరహితం చేసే రసాయనం. దానితో కట్టిన వలను ప్రకృతి సిద్ధం అనే పాత పేరుతోనే పిలవవచ్చా? బంధాలు మరీ బిగిస్తే బాక్టీరియాకూ పళ్ళు దిగవు. వదులుగా ఉంటే దారిలో కారిపోతుంది, బిగిస్తే గమ్యంలో తెరుచుకోదు. ఈ రెండింటి మధ్య సన్నని మేరలోనే ఈ పదార్థాలన్నీ పనిచేయాలి. ఆ బృందమే తర్వాత గ్లుటరాల్డిహైడ్‌ను వదిలి ఫాస్ఫేట్ బంధాల వైపు వెళ్ళింది.

రోగికి చేరినది

ఇంత పరిశోధన జరిగాక మందుల దుకాణం దాకా ఏమి వచ్చింది? కొలైటిస్‌కు యూరప్‌లో వాడుకలో ఉన్న అసకాల్ 1600 మి.గ్రా. మాత్ర పై పూతలో ఒక మొక్కల పాలీశాకరైడ్ ఉంది. అది గ్వార్ కాదు, పెక్టిన్ కాదు, చిన్నపేగులో జీర్ణం కాని రకం పిండి పదార్థం. పైగా అది ఒంటరిగా లేదు. సుమారు 7 పిహెచ్ దగ్గర కరిగే కృత్రిమ పాలిమర్‌తో కలిసి ఉంది. చిన్నపేగు చివర పిహెచ్ తగినంత పెరిగితే పాలిమర్ కరుగుతుంది. ఆ రోగిలో పిహెచ్ అంతవరకు చేరకపోతే బాక్టీరియా పిండిని తిని పూతకు చిల్లులు పెడతాయి. ఒక తాళం పనిచేయకపోతే రెండోది. లండన్‌లో అభివృద్ధి చేసిన ఈ రెండు తాళాల ఆలోచన 2008లో మనుషుల మీది పరీక్ష ఫలితాలతో ప్రచురితమైంది. మొక్కల జిగురే అన్నీ చేస్తుందన్న పాత ధీమా ఇందులో లేదు. పిహెచ్ మీద పూర్తి నమ్మకం లేదు, బాక్టీరియా మీదా లేదు. నమ్మకం లేకపోవడం వల్లనే రెండూ పెట్టారు. పలుచని పూత కనుక మాత్ర పరిమాణమూ పెద్దగా పెరగలేదు. గ్వార్ పరిశోధకులు ఈ దారిని ఇంకా తగినంతగా పట్టించుకోలేదని చెప్పవచ్చు.

అభ్యాసం

కింది సంఖ్యలు అభ్యాసం కోసం ఊహించినవి. 'క' అనే మాత్ర మొదటి 5 గంటల్లో 8 శాతం మందును వదిలింది. 24 గంటలు పూర్తయ్యేసరికి అంధనాళ పదార్థం ఉన్న ద్రవంలో 60 శాతం, అది లేని ద్రవంలో 52 శాతం వదిలింది. 'చ' అనే మాత్ర మొదటి 5 గంటల్లో 15 శాతం, 24 గంటలకు అంధనాళ పదార్థంతో 70 శాతం, అది లేకుండా 25 శాతం వదిలింది. దారిలో మందును బాగా కాపాడినది ఏది? బాక్టీరియా వల్ల తెరుచుకున్నది ఏది? మెట్రొనిడజోల్ వాడుతున్న రోగికి ఈ రెండింటిలో ఏది ఇస్తే మందు తక్కువగా అందే ప్రమాదం ఎక్కువో కారణంతో రాయండి.